పున్నమి దాకా వల వేయొద్దు

కొల్లేరు చూసొచ్చానని చెప్తే మా ఊళ్ళో అందరూ పక్షుల గురించే అడుగుతున్నారు. చూశాను, బోలెడు చూశాను. కానీ నేను చూసిన తీరు చెబితే నవ్వుతారు. ముందు రెండు కళ్ళతో, తర్వాత కుడికన్ను మూసి ఎడమకంటితో, ఆ తర్వాత ఎడమకన్ను మూసి కుడికంటితో. ఒక్కో కొంగను అన్నిసార్లు చూసిన మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండి ఉండరు.

కారణం ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ ప్రయాణం ఎవరికీ అర్థం కాదు. మాది అనంతపురం. నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. కనుబొమలకు దారం పట్టడం, పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేయడం నా బతుకుతెరువు. వేసవి చివర్లో నా కుడికన్ను మసకబారింది. ఎర్ర రంగు వెలిసిపోయిన ఇటుకలా కనిపించేది. సెలైన్‌లో మందు ఎక్కించాక కన్ను తేరుకుంది. హమ్మయ్య అనుకునేలోపే ఎడమచేతి వేళ్ళకు తిమ్మిరి పట్టుకుంది. మెడ వంచితే వెన్నులోంచి కాళ్ళదాకా కరెంటు పాకినట్టు జిల్లుమనడం మొదలైంది. స్కానింగులో తెల్లటి మచ్చలు కనిపించాయి.

"మల్టిపుల్ స్క్లిరోసిస్ కావచ్చు, కాకపోవచ్చు" అన్నారు నరాల డాక్టరు గారు. నరాల మీద ఉండే పొరను మన ఒళ్ళే శత్రువనుకుని తినేసే జబ్బట. ఉంటే జీవితాంతం ఉంటుందట. కొందరికి నడక పోతుంది, కొందరు మందులు వాడుతూ మామూలుగా తిరిగేస్తారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఫోనులో ఏమీ చదవొద్దు, మామూలుగా ఉండండి అన్నారు. నేను ఫోనులో అన్నీ చదివాను. మామూలుగా మాత్రం ఉండలేకపోయాను.

పార్లర్‌లో కూర్చుంటే దారం పట్టిన వేళ్ళనే చూసుకుంటున్నాను. గంటకోసారి మెడ వంచి, ఇంకా జిల్లుమంటోందా లేదా అని పరీక్ష పెట్టుకుంటున్నాను. చివరికి మా ఆయన మధు విసిగిపోయాడు. "సునీత ఎన్నేండ్ల నుంచి పిలుస్తాంది, పోయి రా పో. రిపోర్టొస్తే నేనే ఫోన్ చేస్తా" అన్నాడు. పిల్లలకు పరీక్షలని తను ఉండిపోయాడు. జబ్బు సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. సునీతకు కూడా చెప్పకూడదనుకునే రైలెక్కాను.

ఏలూరు: బాగా కాగిన నీళ్ళు

తిరుపతిలో చదువుకునేటప్పుడు నాదీ సునీతదీ ఒకే హాస్టల్ గది. ఇప్పుడు తను పెదవేగి దగ్గర బడిలో టీచరు, ఇల్లు ఏలూరులో. నేను దిగగానే బ్యాగు లాక్కుని, "రైలు మురికంతా పోద్ది, నీళ్ళు బాగా కాగాయి, పోసుకో" అని బాత్‌రూములోకి తోసింది.

డిసెంబరు చలికి ఆ నీళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో. నాలుగు చెంబులు పోసుకున్నానో లేదో, ఎదురుగా ఉన్న ఆకుపచ్చ బకెట్టు అంచు చెరిగిపోయింది. ఆవిరేమో అనుకున్నాను. ఎడమకన్ను మూశాను. బకెట్టు లేదు, పచ్చటి మరక ఉంది.

ఒంట్లో వేడి పెరిగితే పాత లక్షణాలు కాసేపు తిరిగొస్తాయని, చల్లబడగానే పోతాయని చదివే ఉన్నాను. చదివినప్పుడు అది సమాచారం. ఇక్కడ తడి నేల మీద కూలబడి, పరాయి ఊళ్ళో, కన్ను పోయిందనే అనుకున్నాను. కుళాయి తిప్పి చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాను.

"ఏంటే అంతసేపు?" అని బయట నుంచి సునీత.

"తల రుద్దుకుంటన్నా" అన్నాను. గొంతు వణకకుండా ఆ రెండు ముక్కలూ అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. మెల్లగా బకెట్టుకు అంచు వచ్చింది. అప్పుడు ఏడ్చాను, చప్పుడు కాకుండా.

టిఫినుకు హోటలుకు తీసుకెళ్ళింది. పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు, యాభై రూపాయలు, ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలన్న మాట ఉండదు. మా వైపు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని గురించి చెప్తే సునీత ఇప్పటికీ జాలిగా చూస్తుంది. ఇక ఆ సర్వరు మర్యాద! "అల్లం పచ్చడి సరిపోయిందాండీ? ఇంకో అట్టు వేయమంటారాండీ?" మా ఊళ్ళో హోటల్లో ఎవరైనా ఇంత ప్రేమగా మాట్లాడితే ఏదో అంటగట్టబోతున్నారని అర్థం. నేను కాఫీ గ్లాసు కుడిచేత్తోనే ఎత్తాను. ఎడమచేతిని ఒళ్ళో దాచుకున్నాను.

తివాచీ నేసే ఇంట్లో

ఏలూరు ఉన్ని తివాచీలు ఒకప్పుడు ఓడలెక్కి పోయేవట. ఇప్పుడు నేసేవాళ్ళు తక్కువైపోయారు. సునీతకు తెలిసిన ఒక ముసలాయన ఇంట్లో నిలువు మగ్గం ఉంటే చూడటానికి వెళ్ళాం. గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మను చూసుకుంటూ ఒక్కో గడికి ఒక్కో ముడి వేసి, కత్తితో తెంపి, ఇనుప దువ్వెనతో కిందికి కొడుతున్నాడు. బెత్తెడు నేయడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే మళ్ళీ జన్మలో ధర ఎక్కువన్న మాట అనలేం.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఆ తివాచీ మధ్యలో ఒక ఎర్ర పువ్వు ఉంది. అంత ఎరుపు కళ్ళెదుట ఉంటే నేను ఊరుకోగలనా? కుడికన్ను మూశాను. తెరిచి ఎడమకన్ను మూశాను. మళ్ళీ ఇది. మళ్ళీ అది.

ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ, రంగు తేడాగా ఉందాండీ?"

"లేదండీ, చాలా బాగుంది."

"మరి అలా ఓ కన్ను మూసి చూస్తున్నారు. అలా చూసేది బేరానికొచ్చి వంక పెట్టేవాళ్ళండీ." ఆయన లేచి ఎర్ర ఉన్ని పోగు ఒకటి నీళ్ళలో ముంచి, తన తెల్ల పంచె మీదే గట్టిగా రుద్ది చూపించాడు. "చూడండి. అంటిందాండీ? నలభై ఏళ్ళుగా నా రంగు వెలిసిందని ఎవరూ అన్లేదండీ."

మంచాన పడ్డట్టున్న ఆయన భార్య కూడా లోపలి నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. వెలిసింది నీ రంగు కాదయ్యా, నా కన్ను అని ఎలా చెప్పను? కూర్చోవడానికి వేసుకునే చిన్న ముక్క ఒకటి, చెప్పిన ధరకే కొనేసి బయటపడ్డాను. సునీత నవ్వుతూనే ఉంది: "పార్లర్ పెట్టాక నీకు రంగుల పిచ్చి బాగా ముదిరిందే."

పెదవేగి తోటల్లో ఫోను

మర్నాడు సునీత బడిలో సంతకం పెట్టి వస్తానంటే వెంట వెళ్ళాను. పెదవేగి వైపు రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు. పగలే సాయంత్రంలా ఉంటుంది లోపల. మా వేరుశనగ చేలల్లో నిలబడితే పక్క ఊరి గుడి దాకా కనిపిస్తుంది. ఇక్కడ పక్క చెట్టు దాటి చూపు పోదు. ట్రాక్టరులోకి గెలలు ఎగరేస్తున్న ఆడవాళ్ళు నా జడ వైపు, నేను వాళ్ళ భుజాల వైపు అసూయగా చూసుకున్నాం.

అప్పుడు ఫోను మోగింది. మధు.

ఎడమచేతిలో ఉన్న ఫోను జారి ఎండుమట్టల మధ్య పడింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతుంటే అది మోగుతూనే ఉంది. తీసి, "చెప్పు" అన్నాను.

"కుక్కర్ గాస్కెట్ యాడ పెట్టినావే?"

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ట్రాక్టరు దగ్గర ఆడవాళ్ళు పని ఆపి విన్నారు. మాటలు వాళ్ళ వైపువి కాకపోయినా భావం బాగానే అందినట్టుంది. "ఇంగ రిపోర్టు వస్తే తప్ప ఫోన్ చేయొద్దు" అని పెట్టేశాను. అదెంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది. ఆ క్షణం నుంచి మోగని ఫోను కూడా భయపెట్టడం మొదలుపెట్టింది.

కొల్లేరు: గట్టు మీద రాజబాబు

సునీత మరిది రాజబాబుకు కొల్లేరు పక్కన చేపల చెరువుంది. "మా చెరువు గీత బయటే ఉందండీ" అన్నాడు, పరిచయం కాగానే, ఎవరూ అడక్కుండానే. సరస్సు ఎక్కడిదాకా, చెరువులు ఎక్కడి నుంచి అన్న తగాదా ఇక్కడ ఎంత పాతదంటే, కొత్తవాళ్ళకు పేరుతో పాటు అదీ చెప్పుకుంటారు.

కారు గట్ల మీద పోతుంటే అటూ నీళ్ళే, ఇటూ నీళ్ళే. కుళాయికి నీళ్ళొచ్చే రోజు బిందెలతో పరుగెత్తే ఊరిదాన్ని, నోరు తెరుచుకుని చూశాను. కానీ రాజబాబు ఇంట్లో తాగడానికి మాత్రం ఇరవై రూపాయల నీళ్ళ డబ్బా కొంటున్నారు. కొరమీను పులుసు పెట్టారు. చింతపండు మా వైపు కంటే తక్కువ, నూనె ఎక్కువ, మర్నాటి పొద్దున తింటే ఇంకా బాగుంటుందని చెప్పి మర్నాటి పొద్దున కూడా పెట్టారు. నిజమే, ఇంకా బాగుంది. సాయంత్రం పడవలో తిప్పారు. గట్టు నుంచి పడవలోకి కాలు పెట్టేటప్పుడు కాలు మాట వింటుందా వినదా అని ఎంతసేపు నిలబడ్డానంటే, పడవతను నాకు నీళ్ళంటే భయమనుకుని చెయ్యందించాడు. గూడకొంగలు, నత్తల్ని పొడుచుకు తినే నత్తకొట్లు, పేరు తెలియని ఇంకెన్నో. వాటిని ఎలా చూశానో ముందే చెప్పాను.

రాజబాబు మాత్రం మా పక్కన కూర్చుని తినలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తాడు. లేచి వెళ్ళొస్తాడు. సునీత చెప్పింది: కిందటి చలికాలం చేపలకు ఎర్రమచ్చల జబ్బొచ్చి చెరువు మొత్తం పోయింది. అప్పటినుంచి ఈయనకు అనుమానం వచ్చినప్పుడల్లా విసురువల వేసి రెండు చేపలు పట్టడం, మొప్ప ఎత్తి చూడటం, పొట్ట తిప్పి చూడటం, మళ్ళీ వదలడం. అనుమానం రోజూ వస్తుంది. చేపల మందుల షాపు టెక్నీషియన్ వచ్చి చూసి కేకలేశాడట: "వల రాసుకుని పొలుసు ఊడిపోతందండీ. ఆ గాయాల్లోంచే జబ్బు పడుద్ది. పున్నమి దాకా వల ముట్టుకోకండి. మేత తింటన్నాయా లేదా, అది చూసుకోండి చాలు."

"ఇంట్లో వాళ్ళు వల అటకెక్కించేశారు" అని సునీత పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. అతను కూడా నవ్వలేదు.

మబ్బు పట్టిన పొద్దున

మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం మూసుకుపోయి ఉంది. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అందుకే ఈ ఊళ్ళలో పొద్దున ఫోనెత్తితే పలకరింపు "పైకొచ్చాయా?" అనే. నాకు మెలకువ వచ్చి, మెడ వంచి, జిల్లుమనడం చూసుకుని, గట్టు మీదకు వెళ్ళాను. రాజబాబు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పైకొచ్చాయా?" అని అడిగాను.

"లేదండీ అక్కగారూ. మేత కూడా నిన్న బాగానే తిన్నాయండీ."

"మరింకేం."

"బాగానే తిన్నాయి కదా అనే భయంగా ఉందండీ. కిందటేడు కూడా బాగానే తిన్నాయి."

ఆ మాట నా లోపలి నుంచి ఎవరో అన్నట్టు వినిపించింది. కన్ను ఈ రోజు బాగుంది కదా, అందుకే భయం. ఇద్దరం నీళ్ళను చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు ఏమీ చెప్పవు. అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఒక్కసారి వేసి చూడండి" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. "వద్దన్నారు కదండీ."

"ఒక్కసారే. తెలిసిపోతుంది కదా."

గట్టు మీది కాపలా గుడిసె చూరులో దాచిన ఇంకో వల ఉందన్న సంగతి అప్పుడు బయటపడింది. భుజం మీద మడత వేసుకుని, నడుము తిప్పి విసిరాడు. గుండ్రంగా తెరుచుకుని పడింది. లాగుతుంటే నా ప్రాణాలు కూడా ఆ తాడులోనే ఉన్నాయి. రెండు బొచ్చె చేపలు, ఒక శీలావతి. మొప్పలు ఎత్తాం. ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. పొట్టలు తిప్పాం. ఒక్క మచ్చ లేదు.

"లేదండీ!" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు. నాకూ ఒళ్ళంతా తేలికైపోయింది, నా రిపోర్టే వచ్చినట్టు. చేపల్ని వదిలేసి, ఫ్లాస్కులో టీ పోసుకున్నాం. ఎంత బాగుందో ఆ టీ.

గ్లాసు సగం కాకముందే అతను అన్నాడు: "ఇవి గట్టు దగ్గర చేపలు కదండీ. మధ్యలోవి ఎలా ఉన్నాయో."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. అతని అరచేతికి రూపాయి బిళ్ళంత పొలుసులు నాలుగు అంటుకుని ఉన్నాయి. మచ్చ లేని చేపకు ఆ దెబ్బ తగిలించింది మేమే. అతనికి వద్దని చెప్పినవాళ్ళున్నారు. వేయమన్నది నేను.

అప్పుడు చెప్పేశాను. జబ్బు పేరు, మచ్చలు, కన్ను, వేళ్ళు, మెడ. తెలియని మనిషి కనుక చెప్పగలిగానేమో. అతను మధ్యలో అడ్డు రాలేదు. చివర్లో ఒకటే అడిగాడు.

"మెడ రోజుకి ఎన్నిసార్లు వంచుతారండీ?"

"లెక్క లేదు."

"వంచకుండా ఉంటే ఎలా ఉంటాదండీ?"

"ఉండి చూడలేదు" అన్నాను.

అతను వల పిండి, చుట్టి, గోనెసంచిలో పెట్టి నా ముందు పెట్టాడు. "ఇది వదినింటికి పట్టుకుపోండి అక్కగారూ. నా దగ్గరుంటే వేసేస్తానండీ. మీ సంగతి వదినకి చెప్పన్లెండి."

వలంటే ఎవరికైనా ఇచ్చేయొచ్చు, నా మెడ ఎవరికివ్వను అని దారంతా అదే ఆలోచన. కారులో వల వాసనకు సునీత అద్దాలు దించి, ముక్కు మూసుకుని, నన్నూ మరిదినీ కలిపి తిట్టింది.

తాడేపల్లిగూడెం: కోయని ఉల్లిపాయలు

నా తిరుగు రైలు తాడేపల్లిగూడెంలో ఎక్కేట్టు పెట్టుకున్నాం. క్రిస్మస్‌కు సునీత వాళ్ళ చర్చిలో ప్రేమవిందు ఉంది, అందరికీ బిరియానీ. ఉల్లిపాయలు కొనే బాధ్యత ఈవిడది. గూడెంలో కొంటే బస్తాకు బాగా కలిసొస్తుందని రాష్ట్రంలో సగం మంది ఇక్కడికే వస్తారు. మార్కెట్టులో గోడల ఎత్తున బస్తాలు, ఉల్లిపొర కాళ్ళ కింద ఎగురుతోంది. మాకు కర్నూలు ఉల్లి దగ్గర కాబట్టి నేనూ తెలిసినట్టు ఒక పాయ నొక్కి చూస్తున్నాను.

ఫోను మోగింది.

"శైలజా" అన్నాడు మధు. ఎప్పటిలా "ఏమే" అనలేదు. బస్తా మీద కూర్చున్నాను.

"నీళ్ల రిపోర్టు వచ్చింది. గట్టిగా ఇదే అని చెప్పేటంత ఏం లేదంట. అట్లని కాదని గూడా చెప్పలేమంట. ఆరు నెలలకు మళ్ళా స్కాన్ చేసి, కొత్త మచ్చలు వచ్చినాయా లేదా చూడాలంట. మందుల సంగతి నువ్వొచ్చినాక కూర్చోని మాట్లాడదామన్యాడు."

"అంటే ఉందా, లేదా?"

"నేనూ అదే అడిగినా. అదే చెప్పినాడు."

"ఆరు నెలలా? ఇన్ని రోజులకే నేను సగం చచ్చినా మధూ!" అని అరిచాను. మార్కెట్టు మార్కెట్టంతా నా వైపు తిరిగింది. ఉంది అంటే ఏడ్చేదాన్ని. లేదు అంటే గెంతేదాన్ని. రెంటికీ తయారై వచ్చాను. ఈ మూడో మాటకు ఏం చేయాలో నాకు తెలియదు. కోపం మాత్రం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. సునీతకు అక్కడే, బస్తాల మధ్యే చెప్పాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నా చేతి వంకే చూస్తావని."

"చూస్తాను. చూస్తే ఏం?" అంది. నా ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని నిజంగానే చూసింది, అటూ ఇటూ తిప్పి. తర్వాత గిరుక్కున తిరిగి కొట్టువాడి మీద పడింది. "ఇదేం సరుకండీ? సగం మొలకలొచ్చేశాయి! ఈ ధరకి ఇది ఇస్తారా? మనుషుల్లా కనపట్లేదాండీ మేము?" కళ్ళ నుంచి ధారలుగా కారుతున్నాయి.

"కోయకుండానే ఏడిపించే పాయలండీ ఇవి, అంత ఘాటు. రెండు బస్తాలు వేయమంటారాండీ?" అన్నాడతను, పాపం, ఏమీ తెలియక. మేమిద్దరం నవ్వామో ఏడ్చామో చెప్పలేను.

పై బెర్తు

సాయంత్రం రైలు వచ్చింది. సునీత నేను నిలబడ్డ తలుపు పక్కనే నడిచి, ఇక నడవలేనంత వేగం వచ్చాక ఆగిపోయింది. నాది కింది బెర్తు. జబ్బు అనుమానం మొదలైనప్పటి నుంచీ మధు నాకు కింది బెర్తే తీసుకుంటున్నాడు. నేను వెళ్ళేసరికి దాని మీద ఒక పెద్దావిడ మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుని ఉంది.

"ఏమనుకోకండమ్మా, మీరు చిన్నవారు కదండీ, నాది పై బెర్తండీ. మారతారా?"

సరే అంటే బాగున్నదాన్నని అబద్ధమాడినట్టు. కుదరదంటే రోగిష్టిదాన్నని అబద్ధమాడినట్టు. ఆరు నెలలపాటు నన్ను అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, నేను ప్రతిసారీ ఇలాగే నిలబడిపోతానా అని భయమేసింది.

"నాకూ ఒంట్లో బాగుండదండీ" అన్నాను.

"అయ్యో, ఏం జబ్బమ్మా?"

"దానికింకా పేరు పెట్టలేదండీ."

ఆవిడ కంగారుగా లేవబోయింది. "అయితే వద్దులెండమ్మా, మీ చోట మీరు కూర్చోండి. నేనే ఎలాగో ఎక్కుతాను."

"వద్దండీ, పడుకోండి. ఈ రోజు ఎక్కగలను" అన్నాను.

చెప్పులు సీటు కిందకు తోసి, ఎడమచేత్తోనే ముందుగా కమ్మీ పట్టుకుని ఎక్కాను.